బూడిద కూడా సాక్ష్యమే: కర్నూలు గవుల నుంచి దీవుల గుహల దాకా

ఆరో తరగతి సోషల్ – ఈ నెల పాఠం, తల్లిదండ్రుల కోసం



ఈ నెల ఆరో తరగతి సోషల్‌లో ఆదిమానవుల పాఠం నడుస్తోంది. అందులో మన రాష్ట్రం గురించి ఒక ముఖ్యమైన విషయం ఉంది. కర్నూలు గుహల్లో బూడిద ఆనవాళ్లు దొరికాయని, దాన్నిబట్టి అప్పటి మనుషులకు నిప్పు వాడకం తెలుసని చెప్పుకుంటాం. పరీక్షలో ఇది ఒక మార్కు బిట్టు. పిల్లలు రెండు నిమిషాల్లో బట్టీ పట్టేస్తారు, మార్కూ వచ్చేస్తుంది.

కానీ ఈ పాఠం చెప్పేటప్పుడు క్లాసులో ఎవరో ఒకరు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. "అడవి తగలబడినా బూడిదే వస్తుంది కదా టీచర్! అది మనుషులు పెట్టుకున్న నిప్పేనని ఎలా తెలిసింది?" ఈ ప్రశ్నకు మార్కులేమీ లేవు. అయినా చరిత్ర అనే సబ్జెక్టు మొత్తం దీని మీదే నిలబడి ఉంది. "ఏమి జరిగింది?" అన్నది సగం చదువు. "ఎలా తెలిసింది?" అన్నది మిగతా సగం. ఆ రెండో సగాన్ని మీరు ఇంట్లో పిల్లలతో కలిసి చదవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మన కోనసీమలో గుహలు ఎందుకు లేవు?

ముందు ఇంటి దగ్గర నుంచి మొదలుపెడదాం. మన కోనసీమ కూడా ఒక దీవి లాంటిదే. ఒకవైపు గౌతమి, ఒకవైపు వసిష్ఠ, మధ్యలో వైనతేయ, దక్షిణాన బంగాళాఖాతం. కానీ ఇది రాతి దీవి కాదు, ఒండ్రు దీవి. ఇక్కడ గునపం వేస్తే మట్టి తగులుతుంది, ఇంకా లోతుకు వెళితే ఇసుక తగులుతుంది. ఇంటి గడపలో వేసే రాయి కూడా బయటి నుంచి లారీలో రావాల్సిందే.

దీనికి కారణం ఉంది. సుమారు 20,000 సంవత్సరాల క్రితం భూమి మీద మంచు యుగం. చాలా నీరు మంచుగా గడ్డకట్టి ఉండటం వల్ల సముద్ర మట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. తరువాత మంచు కరిగి సముద్రం పైకి వచ్చింది. ఆరేడు వేల సంవత్సరాల క్రితం ఆ పెరుగుదల దాదాపుగా ఆగాక, గోదావరి తెచ్చిన ఒండ్రు కొంచెం కొంచెంగా సముద్రాన్ని పూడ్చుకుంటూ ఇప్పటి డెల్టాను కట్టింది. తీరానికి దూరంగా, ఊళ్ల మధ్యలో కనిపించే ఇసుక మెరకలు ఒకప్పటి సముద్రపు ఒడ్డులే.

అంటే కర్నూలు గుహల్లో మనుషులు పొయ్యి రాజేసుకున్న రోజుల్లో ఇప్పుడు మనం నడుస్తున్న ఈ నేల ఇంకా తయారే కాలేదు. అందుకే ఆదిమానవుల గురించి తెలుసుకోవాలంటే కోనసీమ పిల్లలు బండరాయి ఉన్న చోటుకు వెళ్లక తప్పదు.

గుహ అంటే రాతి పెట్టె

మనలో చాలామంది ఇళ్లలో కింద పరిచిన నాపరాళ్లు బేతంచెర్ల వైపు నుంచి వచ్చినవే. ఆ రాయి సున్నపురాయి జాతిది. వాననీటిలో గాలిలోని బొగ్గుపులుసు వాయువు కొద్దిగా కరుగుతుంది. ఆ నీరు పగుళ్లలోకి దిగి, వేల ఏళ్ల పాటు సున్నపురాయిని కరిగిస్తూ పోతే లోపల ఖాళీలు ఏర్పడతాయి. అవే గుహలు. రాయలసీమలో వీటిని గవులు అంటారు. ఎక్స్‌కర్షన్‌లో బెలుం గుహలు చూసినవారికి ఆ లోపలి దారులు, చల్లదనం గుర్తుండే ఉంటాయి.

సున్నపురాయికి ఇంకో మంచి గుణం ఉంది. పులుపు ఎక్కువగా ఉన్న మట్టిలో ఎముక కొంతకాలానికి కరిగిపోతుంది. సున్నపు మట్టిలో అది చాలాకాలం నిలుస్తుంది. పైన రాతి కప్పు ఉండటం వల్ల వానకు, ఎండకు, నాగలికి అందదు. గాలికి వచ్చే దుమ్ము, కప్పు నుంచి రాలే రాయి, జంతువులు తెచ్చి పడేసిన ఎముకలు, మనుషులు వదిలేసిన పనిముట్లు అన్నీ ఒకదాని మీద ఒకటి పొరలుగా పేరుకుంటాయి. అడుగున ఉన్నది పాతది, పైన ఉన్నది కొత్తది. గుహ ఒక తాళం వేసిన పెట్టెలాంటిదన్న మాట.

బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల గురించి కెప్టెన్ న్యూబోల్డ్ అనే సైనికాధికారి 1844లోనే రాశాడు. తరువాత రాబర్ట్ బ్రూస్ ఫుట్ వచ్చాడు. ఈయన భారత భూగర్భ సర్వే శాఖ ఉద్యోగి. 1863లో మద్రాసు దగ్గర పల్లవరంలో పాత రాతియుగపు పనిముట్టును గుర్తించి, మన దేశంలో ఆదిమానవుల అధ్యయనానికి దారి వేసింది ఈయనే. 1884, 1885 సంవత్సరాల్లో ఫుట్, ఆయన కొడుకు హెన్రీ బిల్లసర్గంలో తవ్వకాలు జరిపారు. ఎన్నో జంతువుల ఎముకలు బయటపడ్డాయి. వాటిలో ఖడ్గమృగానివి కూడా ఉన్నాయి. ఇప్పుడు అస్సాంలోనే చూస్తామనుకునే ఖడ్గమృగం ఒకప్పుడు రాయలసీమలో తిరిగిందన్న మాట! ఆ ఎముకలను పరిశీలించిన లిడెక్కర్ అనే శాస్త్రవేత్త ఆ జంతువుకు కర్నూలు పేరు మీదే శాస్త్రీయ నామం పెట్టాడు.

కొన్ని ఎముకలు మనుషులు చెక్కిన పనిముట్లని ఫుట్ భావించాడు. ఇక్కడ పిల్లలకు చెప్పాల్సిన జాగ్రత్త ఒకటుంది. ముళ్లపంది ఎముకను కొరికితే దాని మీద కూడా వరుసగా గీతలు పడతాయి. గీత కనిపించగానే మనిషి చెక్కాడని తేల్చేయకూడదు. అందుకే తరువాతి పరిశోధకులు ఆ గుహలకు మళ్లీ వెళ్లి, ఫుట్ చెప్పినదాన్ని కొత్తగా పరీక్షించారు. పెద్ద శాస్త్రవేత్త చెప్పిన మాటనైనా మళ్లీ పరీక్షించడం ఆయన్ని అగౌరవపరచడం కాదు. ఆయన మొదలుపెట్టిన పనిని కొనసాగించడమే.

మొదటి బూడిద: చింతమాను గవిలోని పొయ్యి

ఇప్పుడు మన బిట్టు ప్రశ్న దగ్గరకు వద్దాం. బేతంచెర్ల ప్రాంతంలోనే ముచ్చట్ల చింతమాను గవి అనే ఇంకో గుహ ఉంది. పేరు వింటేనే ఆ చోటు కళ్లకు కట్టినట్టు ఉంటుంది. 1970ల్లో ఎం.ఎల్.కె. మూర్తి అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడ తవ్వకాలు జరిపారు. రాతి పనిముట్లు, ఎముక పనిముట్లు, వాటితో పాటు ఒక పొయ్యి బయటపడ్డాయి. ఆ పొయ్యి మట్టిని పరీక్షిస్తే సుమారు 17,000 సంవత్సరాల క్రితం కాలిందని తేలింది.

అడవి మంటకూ పొయ్యికీ తేడా ఎలా పట్టుకుంటారు? అడవి మంట విశాలంగా పాకుతుంది, ఒకచోట నిలవదు. పొయ్యి మంట ఒకే చోట మళ్లీ మళ్లీ మండుతుంది. అందుకే దాని కింద మట్టి కాలి, గట్టిపడి, రంగు మారుతుంది. మన ఊళ్లో కట్టెల పొయ్యి తీసేశాక కింద మిగిలే ఎర్రటి గట్టి మట్టిని చూసిన నాయనమ్మలకు, అమ్మమ్మలకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఆ కాలిన మట్టి గుహ లోపల ఉండటం, అదే పొరలో పనిముట్లు ఉండటం, ఈ రెండూ కలిస్తేనే "ఇది మనుషుల పొయ్యి" అని చెప్పగలం. బూడిద ఒక్కటే సాక్ష్యం కాదు. బూడిద, దాని చోటు, దాని పక్కనున్న వస్తువులు కలిస్తే సాక్ష్యం.

మరి 17,000 అన్న అంకె ఎలా వచ్చింది? పిల్లలకు సెల్‌ఫోన్ ఛార్జింగ్‌తో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. మట్టిలోని కొన్ని ఖనిజాల రేణువులు చుట్టూ ఉండే సహజమైన రేడియోధార్మికత నుంచి ఏటా కొంచెం కొంచెం శక్తిని నిల్వ చేసుకుంటాయి. అంటే నెమ్మదిగా ఛార్జ్ అవుతాయి. బాగా కాలితే ఆ ఛార్జ్ మొత్తం పోయి సున్నాకు వస్తుంది. పొయ్యి ఆరిన రోజు నుంచి మళ్లీ ఛార్జ్ అవడం మొదలవుతుంది. ఇప్పుడు ల్యాబ్‌లో ఆ మట్టిని వేడి చేస్తే, నిల్వ ఉన్న శక్తి చిన్న వెలుగుగా బయటకు వస్తుంది. ఆ వెలుగును కొలుస్తారు. లెక్క కోసం, ఏడాదికి 3 పాయింట్లు ఛార్జ్ అయ్యే మట్టిలో 51,000 పాయింట్లు ఉన్నాయనుకుందాం. 51,000ను 3తో భాగిస్తే 17,000. అన్ని సంవత్సరాల క్రితం అది చివరిసారి కాలిందన్న మాట. మ్యాథ్స్‌లో నేర్చుకున్న భాగహారం సోషల్‌లో పనికొచ్చింది చూశారా! అసలు కొలతల్లో కొంత హెచ్చుతగ్గు ఉంటుంది కాబట్టే శాస్త్రవేత్తలు "సుమారు" అనే మాటను వదలరు. పిల్లలు కూడా జవాబులో ఆ మాటను వదలకూడదు.

రెండో బూడిద: ఒక దీవి నుంచి వచ్చినది

చింతమాను గవిలోది మనుషులు చేసిన బూడిద. అదే నంద్యాల జిల్లాలో బనగానపల్లె వైపు జుర్రేరు వాగు లోయలో ఇంకో రకం బూడిద ఉంది. ఊరి పేరు జ్వాలాపురం. ఇది ఏ పొయ్యిలోదీ కాదు. రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా దూరంలో, బంగాళాఖాతానికి అవతల, ఇండోనేషియాలోని సుమత్రా దీవి నుంచి గాలిలో వచ్చింది.

సుమారు 74,000 సంవత్సరాల క్రితం సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలింది. గత ఇరవై లక్షల సంవత్సరాల్లో భూమి మీద జరిగిన అతి పెద్ద పేలుళ్లలో ఇది ఒకటి. పేలిన చోట ఏర్పడిన గొయ్యి ఇప్పుడు సుమారు 100 కిలోమీటర్ల పొడవున్న టోబా సరస్సు. అప్పుడు ఎగసిన సన్నని బూడిద సముద్రం దాటి వచ్చి మన దేశం మీద కురిసింది. వానలు ఆ బూడిదను పల్లానికి కడిగి తేవడంతో జ్వాలాపురం లాంటి లోయల్లో అది మనిషి ఎత్తు దాటిన మందాన పేరుకుంది. ఊరి పేరులో జ్వాల ఉండటం కేవలం యాదృచ్ఛికం. ఆ పేలుడును గుర్తుపెట్టుకుని పేరు పెట్టేంత పాత ఊరు ప్రపంచంలో ఎక్కడా లేదు.

అది టోబా బూడిదేనని ఎలా తెలిసింది? అగ్నిపర్వతపు బూడిద నిజానికి సన్నటి గాజు రేణువుల పొడి. ప్రతి పేలుడులో ఆ గాజులోని మూలకాల పాళ్లు వేరుగా ఉంటాయి. మన వేలిముద్రల లాగా. జ్వాలాపురం బూడిద ముద్ర టోబా ముద్రతో సరిపోయింది.

2003 నుంచి కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్, అప్పట్లో కేంబ్రిడ్జ్‌లో ఉన్న మైకేల్ పెట్రాగ్లియా తమ బృందాలతో ఇక్కడ తవ్వకాలు జరిపారు. 2007లో 'సైన్స్' పత్రికలో వారి ఫలితాలు వచ్చాయి. బూడిద పొరకు కింద రాతి పనిముట్లు దొరికాయి. పైన కూడా దొరికాయి. రెండూ ఒకే తరహావి. అంటే అంత పెద్ద విపత్తు తరువాత కూడా ఆ లోయలో మనుషుల జీవితం కొనసాగింది. టోబా పేలుడుతో మనుషులు దాదాపు తుడిచిపెట్టుకుపోయారని అంతకుముందు కొందరు శాస్త్రవేత్తలు వాదించేవారు. ఆ వాదనకు మన నంద్యాల జిల్లా నుంచి గట్టి ప్రశ్న ఎదురైంది. అయితే ఆ పొరల్లో మనుషుల ఎముకలు దొరకలేదు. కాబట్టి ఆ పనిముట్లు చేసినవారు మనలాంటి ఆధునిక మానవులా, వేరే మానవ జాతివారా అన్న చర్చ ఇంకా నడుస్తూనే ఉంది.

అదే జ్వాలాపురంలో ఒక రాతి చరియ కింద, ఎండా వానా తగలని చోట, సుమారు 35,000 సంవత్సరాల క్రితం నుంచి వాడిన సూక్ష్మ రాతి పనిముట్లు దొరికాయి. వేలి గోరంత చిన్న రాతి ముక్కలు అవి. కర్రకో ఎముకకో బిగించి వాడేవారు. పూసలు కూడా దొరికాయి. తిండి దొరకడమే కష్టమైన రోజుల్లో కూడా మనిషి మెడలో వేసుకోవడానికి పూస తయారుచేసుకున్నాడంటే పిల్లలకు ఎంత సరదాగా ఉంటుందో!

దీవుల గుహల్లో ఏమున్నాయి?

బూడిద వచ్చిన సుమత్రా దీవిలోనే లిడా అజర్ అనే గుహ ఉంది. యూజీన్ డుబోయి అనే డచ్ వైద్యుడు 1880ల చివర్లో అక్కడ తవ్వి కొన్ని పళ్లు తీసుకెళ్లాడు. అవి మ్యూజియంలో దశాబ్దాలపాటు ఉన్నాయి. 2017లో పరిశోధకులు ఆ గుహను మళ్లీ వెతికి పట్టుకుని, పొరల వయసు కొలిచి, ఆ పళ్లు 73,000 నుంచి 63,000 సంవత్సరాల క్రితం బతికిన ఆధునిక మానవులవని ప్రకటించారు.

మనకు దగ్గరి దీవి శ్రీలంక. అక్కడ ఫాహియాన్ లెన గుహలో సుమారు 48,000 సంవత్సరాల నాటి ఆనవాళ్లు ఉన్నాయి. లెన అంటే సింహళంలో గుహ. అక్కడివారు దట్టమైన అడవిలో కోతులను వేటాడి తిన్నారు. ఎముకతో చేసిన బాణపు మొనలు కూడా అక్కడ దొరికాయని 2020లో ప్రకటించారు. సముద్ర మట్టం తగ్గిన కాలాల్లో శ్రీలంకకు, మన దేశానికి మధ్య నేల బయటపడేది. కాబట్టి అక్కడికి నడిచి వెళ్లే వీలుండేది.

కానీ కొన్ని దీవులకు ఎప్పుడూ నేల దారి లేదు. ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవి అలాంటిది. అక్కడి కల్లావో గుహలో 2007లో ఒక పాదపు ఎముక దొరికింది. దాని వయసు కనీసం 67,000 సంవత్సరాలు. తరువాత దొరికిన పళ్లు, ఎముకలతో కలిపి చూసి 2019లో దాన్ని హోమో లూజోనెన్సిస్ అనే కొత్త మానవ జాతిగా ప్రకటించారు. గోదావరి దాటడానికి పంటు ఎక్కే మన పిల్లలకు ఇది మంచి ప్రశ్న: పడవ ఎలా ఉంటుందో తెలియని కాలంలో వాళ్లు సముద్రం ఎలా దాటారు? వెదురు తెప్ప మీదా, తుపానులో కొట్టుకొచ్చిన చెట్ల మీదా? దీనికి పుస్తకంలో జవాబు లేదు. పిల్లలను ఊహించనివ్వండి. ఊహకు కారణం మాత్రం అడగండి.

ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో లియాంగ్ బువా గుహ కథ అన్నిటికంటే మంచి పాఠం. 2003లో అక్కడ సుమారు మూడున్నర అడుగుల ఎత్తున్న ఒక పెద్ద స్త్రీ అస్థిపంజరం దొరికింది. హోమో ఫ్లోరెసియెన్సిస్ అని పేరు పెట్టారు. మొదట దాని వయసు సుమారు 18,000 సంవత్సరాలు అన్నారు. అన్ని పుస్తకాల్లోనూ అదే వచ్చింది. తరువాత ఇంకా విశాలంగా తవ్వితే అసలు సంగతి బయటపడింది. గుహలోని పాత పొరలు కొంతమేర కోసుకుపోయి, ఆ ఖాళీలో కొత్త మట్టి నిండింది. కొత్త మట్టి వయసును పక్కనున్న పాత పొరకు కట్టారన్న మాట. 2016లో లెక్క సరిచేశారు. ఆ ఎముకలు 1,00,000 నుంచి 60,000 సంవత్సరాల మధ్యవి. ఎముక అదే, గుహ అదే. పొరను సరిగ్గా చదివాక వయసు మూడు రెట్లకు పైగా మారిపోయింది.

పొర కదిలితే సాక్ష్యం పోతుంది

ఇక్కడే అసలు విషయం ఉంది. ఒకప్పుడు మన ఇళ్లలో పొయ్యి బూడిద, కొబ్బరి పీచు పెట్టి అంట్లు తోమేవారు. బూడిదలోని సన్నని గరుకుదనం మురికిని వదిలిస్తుంది. జ్వాలాపురం బూడిదలోనూ ఆ గుణమే ఉంది, గాజు పొడి కాబట్టి ఇంకా ఎక్కువే. అందుకే స్థానికంగా ఆ బూడిదను తవ్వి, శుభ్రం చేసే పొడుల తయారీకి అమ్మేవారు. ఆ తవ్వకాల వల్ల పొర మందం బయటికి కనిపించి పరిశోధకులకు మేలే జరిగింది. అదే తవ్వకాల వల్ల పొర తరిగిపోయింది కూడా. నేలలో ఉన్నప్పుడు 74,000 ఏళ్ల సాక్ష్యం, సంచిలోకి ఎక్కాక అంట్ల పొడి.

తవ్వుకున్నవారిని తప్పుపట్టడం తేలిక. అది వారి కూలి, వారి పూట గడిచే దారి. సున్నపురాయి సంగతీ అంతే. నాపరాయి లేకపోతే మన ఇళ్లకు గచ్చు లేదు, సున్నపురాయి లేకపోతే సిమెంటు లేదు. రాయి తీయొద్దని ఎవరూ అనలేరు. తీసే ముందు అక్కడ ఏముందో చూసి, రాసిపెట్టుకుని, ముఖ్యమైన చోటును వదిలేయమని మాత్రం అడగవచ్చు. అలా అడగాలంటే ముందు అక్కడ ఏముందో జనానికి తెలియాలి. అందుకే ఈ పాఠం ఒక మార్కు బిట్టుతో ఆగిపోకూడదు.

ఇది దూరపు సంగతి కూడా కాదు. మన ప్రాంతంలో రొయ్యల చెరువులకు, ఇళ్ల పునాదులకు రోజూ ఎక్కడో ఒకచోట పొక్లెయిన్ దిగుతూనే ఉంటుంది. మనకు గుహలు లేకపోయినా ఇటుక ఉంది. మామిడికుదురు మండలం ఆదుర్రులో వైనతేయ ఒడ్డున ఉన్న బౌద్ధ స్తూపం ఇటుకలతో కట్టినదే. సుమారు రెండు వేల ఏళ్ల నాటిదది. చక్రం ఆకారంలో ఉంటుంది. రాయి లేని చోట మనుషులు మట్టిని కాల్చి చరిత్ర రాశారు. మీ చెరువులోనో పునాదిలోనో మామూలుకంటే పెద్ద ఇటుకలు, పాత కుండ పెంకులు, నాణేలు, విగ్రహాలు కనబడితే వాటిని కదపకుండా ఫొటో తీసి, ఎంత లోతులో దొరికాయో రాసుకుని, తహసీల్దారు ఆఫీసులో చెప్పండి. నేలలో దొరికిన నిధిని తెలియజేయాలని 1878 నుంచే చట్టం ఉంది. వస్తువును కడిగి షోకేసులో పెడితే అందం మిగులుతుంది, కథ పోతుంది.

ఇంట్లో పిల్లలతో చేయండి

1. కాలపు తాడు. ఏడున్నర మీటర్ల కొబ్బరి తాడు తీసుకోండి. ఒక సెంటీమీటరు 100 సంవత్సరాలు అనుకోండి. ఈ రోజు నుంచి వెనక్కి ముడులు వేయించండి. స్వాతంత్ర్యం 8 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది. కాటన్ దొర 1852లో పూర్తి చేసిన ధవళేశ్వరం ఆనకట్ట 1.7 సెంటీమీటర్ల దగ్గర. ఆదుర్రు స్తూపం 20 సెంటీమీటర్లు. చింతమాను గవి పొయ్యి 1.7 మీటర్లు. జ్వాలాపురం సూక్ష్మ పనిముట్లు 3.5 మీటర్లు. శ్రీలంక గుహ 4.8 మీటర్లు. టోబా 7.4 మీటర్లు. పుస్తకంలో పక్కపక్కన కనిపించే అంకెల మధ్య ఎంత దూరం ఉందో తాడు చూపిస్తుంది.

2. బోరు డైరీ. మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ బోరు వేస్తుంటే, పిల్లలను పెద్దల పక్కన దూరంగా నిలబెట్టి, ఎన్ని అడుగుల దగ్గర ఏ మట్టి వచ్చిందో రాయించండి. నల్లమట్టి, ఒండ్రు, ఇసుక, గవ్వ పెంకులు, ఏది వస్తే అది. లోతు, రంగు, తేదీ రాస్తే చాలు. అది మీ ఊరి పొరల పట్టిక. గోతుల్లోకి మాత్రం పిల్లలను దిగనివ్వకండి.

3. పెద్దవారి ఇంటర్వ్యూ. కట్టెల పొయ్యి వాడినవారిని మూడు ప్రశ్నలు అడిగించండి. పొయ్యి తీసేస్తే కింద ఏం మిగిలేది? బూడిదను దేనికి వాడేవారు? ఒకచోట పొయ్యి ఉండేదని ఇప్పుడు ఎలా గుర్తుపడతారు? జవాబులు తెలుగులో గానీ ఇంగ్లిష్‌లో గానీ రాయవచ్చు. చదువుకోని నాయనమ్మ చెప్పే మూడో జవాబు పురావస్తు శాస్త్రానికి చాలా దగ్గరగా ఉంటుంది.

4. నాలుగు ప్రశ్నల అలవాటు. "లక్షల ఏళ్ల నాటిది దొరికింది" అనే వాట్సాప్ మెసేజ్ వస్తే పిల్లలతో కలిసి అడగండి. ఎక్కడ దొరికింది? ఏ పొరలో దొరికింది? పక్కన ఇంకా ఏమున్నాయి? వయసు ఎలా కొలిచారు? నాలుగింటికీ జవాబు లేకపోతే ఫార్వర్డ్ చేయకండి.

5. వీలైతే ఒక ఆదివారం ఆదుర్రు తీసుకెళ్లండి. రాజోలు, అమలాపురం, కొత్తపేట ఎటు నుంచైనా ఒక పూటలో వెళ్లి రావచ్చు. ఇటుకలను ముట్టుకోకుండా, వాటి పొడవును కంటితో అంచనా వేయించి, ఇంటి ఇటుకతో పోల్చమనండి.

మార్కుల సంగతి

కొందరు తల్లిదండ్రులకు ఒక సందేహం రావచ్చు. "ఇదంతా సిలబస్‌లో లేదు కదా మేడమ్, టైమ్ వేస్ట్ కాదా?" న్యాయమైన ప్రశ్నే. మన పిల్లల రోజు ఉదయం నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా నిండిపోయి ఉంటుంది. అయితే పై తరగతులకు వెళ్లేకొద్దీ ప్రశ్నల తీరు మారుతోంది. "ఏ గుహ?" అన్న దానితో పాటు "ఈ ఆధారం నుంచి నువ్వు ఏమి చెప్పగలవు, ఏమి చెప్పలేవు?" అన్న ప్రశ్నలు వస్తున్నాయి. బట్టీతో మొదటిదానికి జవాబు వస్తుంది, రెండోదానికి రాదు.

మార్కుల కంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. రేపు ఈ పిల్లల్లో ఎవరో ఒకరు డాక్టరై రిపోర్టు చదువుతారు. ఒకరు ఇంజనీరై నేలను పరీక్షిస్తారు. ఒకరు ఊళ్లోనే ఉండి చెరువు తవ్విస్తారు. ఎవరికైనా కావాల్సింది ఒకటే. కంటికి కనిపించినదాన్ని ఉన్న చోటే ఓపికగా చూసి, పక్కనున్నవాటితో కలిపి ఆలోచించి, "ఎలా తెలిసింది?" అని అడిగాకే నమ్మే అలవాటు.

ఈ నెల పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చేటప్పుడు మీ పిల్లల బోరు డైరీ గానీ కాలపు తాడు గానీ వెంట తీసుకురండి. క్లాసు గోడ మీద అన్నిటినీ వరుసగా పెడతాం. పది ఊళ్ల బోరు డైరీలు పక్కపక్కన పెడితే మన కోనసీమ ఎలా తయారైందో పిల్లలే చదివి చెప్పగలరు.

– సోషల్ టీచర్, ఆరో తరగతి, అమలాపురం బ్రాంచ్